ఏడేళ్లకే ఒకసారి చూపించండి

“పాలపళ్లన్నీ ఊడాక చూద్దాంలే” అని మా అమ్మాయి విషయంలో మేమూ అనుకున్నాం. 12వ ఏట తీసుకెళ్తే పైదవడ ఇరుకుగా ఉందనీ, ముందే వచ్చుంటే పని తేలికయ్యేదనీ అన్నారు డాక్టరు గారు. పిల్లలకు 7 ఏళ్లు వచ్చేసరికి మొదటి పరీక్ష చేయించమని అమెరికన్ ఆర్థోడాంటిస్టుల సంఘం సలహా. అప్పుడే బ్రేసెస్ వేస్తారని కాదు. దవడ ఎదిగే వయసులో ఎక్స్‌పాండర్‌తో వెడల్పు చేయడం సులువు.

వేసవి సెలవుల్లో ఇండియాలో కానిచ్చేద్దామంటే కుదరదు. సాధారణంగా ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది; కొన్ని వారాలకోసారి వెళ్లి సరిచేయించుకోవాలి. తీసేశాక రిటైనర్ పెట్టుకోకపోతే పళ్లు మళ్లీ పక్కకు జరుగుతాయి.

మా అమ్మాయి ఫొటోల్లో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. మీ పిల్లలకు అంతదాకా రానివ్వకండి.