ముప్ఫై ఏళ్ళు ఉండి పోయిన ఓటు

అమెరికాలో ఆడవాళ్ళకి ఓటు ఎప్పుడు వచ్చిందని అడిగితే, చదువుకునే పిల్లలు 1920 అని ఠక్కున చెప్పేస్తారు. దేశం మొత్తానికి చెప్పుకుంటే అది నిజమే. కాని అంతకు నూట నలభై ఏళ్ళకు పైగా ముందే ఒక రాష్ట్రం చట్టంలో ఆడవాళ్ళకి ఓటుకి చోటుంది. ఆ రాష్ట్రం న్యూజెర్సీ. అక్కడి ఆడవాళ్ళు దర్జాగా వెళ్ళి ఓటు వేసి వచ్చేవారు. 1807లో ఆ హక్కు పోయింది. వాళ్ళు దాన్ని సరిగా వాడుకోలేదనుకునేరు, అదేం కాదు. రెండు పార్టీలూ, రెండు ఊళ్ళూ పోట్లాడుకున్నాయి. ఆ తగాదా తీరడానికి వీళ్ళ ఓటు ఖర్చయిపోయింది.

1776 జూలై 2వ తేదీన, అంటే స్వాతంత్ర్య ప్రకటన ఆమోదానికి రెండు రోజుల ముందు, న్యూజెర్సీ వారు తమ రాజ్యాంగం రాసుకున్నారు. యాభై పౌండ్ల ఆస్తి ఉండి, కౌంటీలో ఏడాదిగా ఉంటున్న పెద్ద వయసు నివాసులందరూ ఓటు వేయవచ్చన్నారు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి. 'నివాసులు' అన్నారే గాని మగవారని రాయలేదు, తెల్లవారనీ రాయలేదు. దాంతో ఆస్తి ఉన్న స్త్రీలకీ, స్వేచ్ఛగా బతుకుతున్న నల్లవారికీ తలుపు తెరిచినట్టయింది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. మనలాంటి ఇల్లాళ్ళకి ఆ తలుపు తెరుచుకోలేదు. పెళ్ళయిన స్త్రీ తెచ్చుకున్న నగానట్రా, రొక్కం అంతా ఆనాటి ఇంగ్లీషు చట్టం ప్రకారం భర్త సొత్తు. భూమి ఉన్నా దానిపై పెత్తనం ఆయనదే. మన స్త్రీధనం లాంటి మాట అక్కడ లేదు. ఇక సొంతానికి యాభై పౌండ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? అందుచేత ఓటు వేసినవారు ముఖ్యంగా వితంతువులూ, పెళ్ళికాని ఆడవాళ్ళూను. భర్త బతికున్నంతకాలం లేని ఓటు ఆయన పోయాక వచ్చేదన్నమాట!

1790లో ఏడు కౌంటీలకు చేసిన ఎన్నికల చట్టంలో 'అతడు లేక ఆమె' అని స్పష్టంగానే రాశారు. 1797లో దాన్ని రాష్ట్రమంతటికీ వర్తింపజేశారు. అప్పటికి అక్కడ పార్టీల వేడి బాగా రాజుకుంది. ఫెడరలిస్టులు ఒకవైపు, రిపబ్లికన్లు ఒకవైపు. ఈ రిపబ్లికన్లు జెఫర్సన్ వర్గం వారు, ఇప్పటి రిపబ్లికన్ పార్టీ వేరు. ఒక్క ఓటు అటో ఇటో అయితే సీటు తారుమారయ్యే రోజులు. 1802లో గవర్నరును ఎన్నుకోబోతే రాష్ట్ర సభల్లో ఓట్లు సరిసమానమై ఎవరూ గెలవలేదు. దాదాపు ఏడాది పాటు ఎగువసభలో ఉపాధ్యక్షుడే గవర్నరు పని చూసుకున్నాడు. అంత బిగువైన పోటీలో వితంతువు ఓటైనా బంగారమే కదండీ!

ఎసెక్స్ కౌంటీలో 1797 ఎన్నిక అందుకు మంచి నిదర్శనం. న్యూఆర్క్ ఊరి రిపబ్లికన్ జాన్ కాండిక్ట్, ఎలిజబెత్‌టౌన్ ఊరి ఫెడరలిస్టు విలియం క్రేన్ పోటీ పడ్డారు. పోలింగు ముగిసే వేళకి ఫెడరలిస్టులు డెబ్భై అయిదు మంది దాకా స్త్రీలను తీసుకొచ్చి ఓట్లు వేయించారని అప్పట్లో పెద్ద గొడవైంది. కాండిక్ట్ కొద్ది తేడాతో బయటపడ్డాడు. ఆ తరవాత న్యూఆర్క్ పత్రిక ఆడవాళ్ళ ఓటును వేళాకోళం చేసింది. అదే ఏడాది, అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ భార్య అబిగెయిల్ మటుకు అక్కకి రాసిన ఉత్తరంలో, మన రాష్ట్రంలోనూ న్యూజెర్సీలో లాగా ఉంటే నేనూ తప్పక ఓటు వేసేదాన్నని రాసింది. ఆమెది మసాచుసెట్స్ రాష్ట్రం.

ఇదంతా ఏదో వింతగా ఒకరిద్దరు చేసిన పని కాదు. ఈ మధ్య, 2018 తరవాత, ఫిలడెల్ఫియాలోని అమెరికన్ విప్లవ మ్యూజియం వారు పాత పోలింగు జాబితాలు వెతికి తీశారు. 1801లో మాంట్‌గొమరీ అనే చోట ఓటు వేసిన 343 మందిలో కనీసం 46 మంది స్త్రీలు. ఎవరి పేరు వారిది, పక్కపక్కనే రాసి ఉంది.

ఇక 1807. ఎసెక్స్ కౌంటీకి కొత్త కోర్టు భవనం కావాలి. న్యూఆర్క్‌లో కట్టాలా, ఎలిజబెత్‌టౌన్ దగ్గరా? ఫిబ్రవరిలో ఓటు పెట్టారు. కోర్టు ఉన్న ఊరికి వ్యాపారం, పరపతి అన్నీ వస్తాయి గనుక రెండు ఊళ్ళూ పట్టుదలకు పోయాయి. బండ్లు కట్టి జనాన్ని తోలారు. వయసు రాని పిల్లలూ, ఆస్తి లేనివారూ వేశారు. ఒకరే రెండు మూడు చోట్ల వేశారు. మగవాళ్ళు ఆడవేషం కట్టుకొచ్చి మళ్ళీ వేశారని కూడా చెప్పుకుంటారు. పడ్డ ఓట్లు మామూలుగా పడేవాటికి దాదాపు మూడింతలట! న్యూఆర్క్ గెలిచింది, శాసనసభ ఆ ఎన్నికను రద్దు చేసింది.

దొంగ ఓట్లు వేసింది ఎవరు? ఎక్కువ భాగం మగవాళ్ళే. శిక్ష ఎవరికి పడింది? ఆ నవంబరులో కొత్త చట్టం వచ్చింది. ఇకపై ఇరవై ఒకటి నిండిన స్వతంత్రులైన తెల్ల పౌరులకే, అందులోనూ మగవారికే ఓటు. రాష్ట్రంలో శాంతి, మర్యాద నిలబడటానికని పీఠిక రాశారు. రాజ్యాంగంలో 'నివాసులందరూ' అన్న మాట అలాగే ఉంది, దాన్ని మామూలు చట్టంతో పక్కకు నెట్టేశారు.

పార్టీల లెక్క ఏమిటంటే, స్త్రీలు ఫెడరలిస్టులకు వేస్తారని రిపబ్లికన్లకు అనుమానం. నల్లవారు, పరదేశులు రిపబ్లికన్లకు వేస్తారని ఫెడరలిస్టులకు అనుమానం. ఇద్దరూ చెరొకటి వదులుకున్నారు. పైగా పన్ను కట్టిన తెల్ల మగవాడికి యాభై పౌండ్లు ఉన్నట్టే లెక్కని అదే చట్టంలో సడలించారు. అంటే పేద మగవాడికి ఓటు వచ్చిన రోజే ఆస్తి ఉన్న ఆడదానికి పోయింది. నాకైతే ఇది కోర్టు గొడవ కన్నా పెద్ద మోసంగా కనిపిస్తుంది. మరి ఆ స్త్రీలు పన్నులు కట్టడం మానలేదుగా!

1844లో కొత్త రాజ్యాంగం రాసినప్పుడు 'తెల్ల మగవాడు' అనే మాటను అందులోనే చేర్చేశారు. 1858లో అదే ఎసెక్స్ కౌంటీలోని ఆరెంజి ఊళ్ళో లూసీ స్టోన్ అనే ఆవిడ, ఓటు లేనివారిని పన్నెలా అడుగుతారంటూ కట్టకుండా కూర్చుంటే, ఆమె ఇంట్లో సామాను వేలం వేశారు. 1868లో వైన్‌ల్యాండ్ ఊళ్ళో 172 మంది స్త్రీలు పోలింగు జరిగే చోటికే వెళ్ళి, తమ సొంత పెట్టె బల్ల మీద పెట్టుకుని అందులో ఓట్లు వేశారు. అధికారులు వాటిని లెక్కపెట్టలేదు. న్యూజెర్సీ శాసనసభ స్త్రీల ఓటుకు మళ్ళీ ఒప్పుకుంది 1920 ఫిబ్రవరిలో.