తొక్కుడుబిళ్ళకి ఇక్కడ పేరు బిల్లస్

ట్రాన్స్‌ఫర్ ఆర్డరు రాగానే మనం ఇల్లు వెతుకుతాం, స్కూలు చూస్తాం, గ్యాస్ కనెక్షన్ మార్పిస్తాం. పిల్లలు ఎవరితో ఆడుకుంటారన్నది మాత్రం ఆ లిస్టులో ఉండదు. రాయపూర్ పండరీ ప్రాంతానికి కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాల్లో మొదటి రెండు నెలలూ ఇదే తంతు. హిందీ తడబడుతుంది కాబట్టి పిల్ల కిందికి దిగదు. దిగదు కాబట్టి హిందీ రాదు. ఈలోగా ఫోను చేతికొస్తుంది. బ్రాంచి నుంచి ఎనిమిదింటికి వచ్చే తల్లికో తండ్రికో అది లాక్కునే ఓపిక ఉండదు, మార్చి నెలైతే ఇక చెప్పక్కర్లేదు.

5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలైనా ఒళ్ళు వేడెక్కే కదలిక ఉండాలని, వారంలో 3 రోజులైనా రొప్పు వచ్చేంత గట్టిగా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. వారానికి రెండు పీటీ పీరియడ్లతో ఈ లెక్క టాలీ కాదు. మిగతాది సాయంత్రాలు ఇంటి దగ్గరే పూర్తి కావాలి.

ఇక్కడి ఆటలు మన పిల్లలకి కొత్తవేమీ కావు, పేర్లే వేరు. మన ఏడు పెంకులాట ఇక్కడ పిట్టుల్. బిళ్ళంగోడు గిల్లీ డండా, గోళీలు బాటీ, బొంగరం భౌంరా, తొక్కుడుబిళ్ళ బిల్లస్. 2022 అక్టోబర్ 6న ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం మొదలుపెట్టిన ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్‌లో ఆ ఏడాది పెట్టిన 14 ఆటల్లో ఇవన్నీ ఉండేవి. 40 ఏళ్ళు దాటినవాళ్ళకీ అందులో ఒక విభాగం పెట్టారు. తల్లులు, మామ్మలు కూడా బరిలోకి దిగిన పోటీలవి. అదే జాబితాలోని ఫుగడీ మాత్రం మనవాళ్ళకి కొత్త. గొంతుక్కూర్చుని ఒక కాలి తర్వాత ఒకటి ముందుకు చాపుతూ గెంతాలి. చూడ్డానికి తేలిక. నలభై దాటిన మోకాళ్ళతో పది చేసి చూస్తే తెలుస్తుంది.

కాబట్టి భాష రాని పిల్లకి కూడా చూపించడానికి ఒక ఆట ఉంటుంది. అయితే ఊళ్ళో ఖాళీ స్థలంలో ఆడిన ఆటని అపార్ట్‌మెంట్ పార్కింగులో ఉన్నదున్నట్టు ఆడలేం. మార్చుకోవాలి. ఆ మార్చే పని పెద్దవాళ్ళు నెత్తిన వేసుకోకుండా పిల్లలకే వదిలెయ్యాలి.

మా అపార్ట్‌మెంట్‌లో పిట్టుల్‌తోనే మొదలైంది. బంతి కార్లకి తగులుతోందని గొడవ. ఆట మానమనకుండా, ఏం చేద్దామని పిల్లల్నే అడిగాం. పండరీ బట్టల మార్కెట్‌లో కత్తిరింపు ముక్కలకేం కొదవ? పాత సాక్సులో గుడ్డముక్కలు కుక్కి దారంతో బిగించి బంతి చేశారు. పగిలిన టైల్స్ చేతులు కోస్తాయని చెక్కముక్కలు పేర్చారు. ఇక రెండో సమస్య: చిన్నపిల్లలు తొందరగా ఔటైపోయి మెట్ల మీద కూర్చుంటున్నారు. నన్నడిగితే పిల్లల ఆటల్లో అసలు లోపం ఇదే. ఎవరికి కదలిక ఎక్కువ అవసరమో వాళ్ళే ముందు కూర్చోవాల్సొస్తుంది. ఏడేళ్ళ పిల్ల ఒకతె చెప్పిన రూలు ఇప్పటికీ నడుస్తోంది. ఔటైతే గోడ దగ్గరికెళ్ళి పది ఫుగడీలు చేసి తిరిగి ఆటలోకి రావాలి. ఐదేళ్ళలోపు వాళ్ళకి గీత రెండడుగులు దగ్గర. రూళ్ళన్నీ ఒక నోట్‌బుక్కులో ఉంటాయి, నచ్చనివి ఆదివారం మారుస్తారు. ఆ వాదనలన్నీ హిందీలోనే జరగాలి కాబట్టి మన పిల్లల భాష ఎక్కడ బాగుపడిందో వేరే చెప్పనక్కర్లేదు.

స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాఁ పియాజే గోళీలాడే పిల్లల్ని గమనించి 1932లో ఒక పుస్తకం రాశాడు. చిన్నపిల్లలు రూళ్ళని పెద్దలిచ్చిన, మార్చకూడని శాసనాలుగా చూస్తారట. పది పదకొండేళ్ళకి వచ్చేసరికి, అందరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చని తెలుసుకుంటారట. అందుకే మార్పుల గురించి మాట్లాడేటప్పుడు చిన్నవాళ్ళని, పెద్దవాళ్ళని కలిపి కూర్చోబెట్టడం మంచిది.

బహుమతుల విషయంలో మాత్రం మనవాళ్ళు కాస్త వెనక్కి తగ్గాలి. పది రౌండ్లు పరిగెత్తితే చాక్లెట్, కూర తింటే అరగంట ఫోను అని టార్గెట్లు పెట్టేస్తాం, అలవాటైన ప్రాణం కదా. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు బొమ్మలు వేయడం ఇష్టమున్న నర్సరీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి వేయించిన పిల్లలు, తర్వాత ఖాళీ సమయంలో బొమ్మలు వేయడం తగ్గించేశారు. ఇష్టంగా చేసే పనికి రేటు కడితే ఇలాగే అవుతుంది. అలాగే లావు, బరువు అన్న మాటలు ఆటలోకి రానివ్వొద్దు. క్రిమి ముట్టుకునే ఆట ఆడితే క్రిమి వేషం ఒక్కరికే అంటగట్టకుండా వంతులేసుకోవాలి. కొత్తగా వచ్చిన పిల్లకే ఆ వేషం పడుతుందని గుర్తుంచుకోండి.

చేతులు కడుక్కోవడం గురించి ఉపన్యాసం అక్కర్లేదు. పిల్లల అరచేతులకి చుక్క నూనె రాసి దాల్చినచెక్క పొడి చల్లండి. ఒట్టి నీళ్ళతో పోదు. సబ్బుతో, గోళ్ళ సందులతో సహా, 20 సెకన్లు రుద్దితేనే పోతుంది. ఎవరి చేతిలో పొడి మిగిలిందో వాళ్ళే వెతుక్కుంటారు.

కూరల ఆటకి కూరగాయల సంతే చాలు. ఛత్తీస్‌గఢ్ ఆకుకూరల రాష్ట్రం. లాల్ భాజీ మన ఎర్ర తోటకూరే. చలికాలంలో వచ్చే చనా భాజీ శనగాకు. తెలుగులో పేరు తెలియని ఆకు ఒకటి వెతికి, ఎలా వండాలో అమ్మే ఆవిణ్ణే అడిగి రావడం పిల్లల పని. వండాక ఒక ముద్ద రుచి చూస్తే చాలు, మొత్తం తినాలన్న షరతు వద్దు. తాము ఎంచి తెచ్చిన కూరని ఒక్కసారైనా నోట్లో పెట్టుకోకుండా ఉండలేరు.

వేసవిలో ఈ ఆటలన్నీ ఉదయం ఏడులోపు, లేదా పొద్దుగూకాక. మంచినీళ్ళ సీసాలు పక్కనే ఉండాలి. వానలు మొదలయ్యాక హరేలీ పండుగ వస్తుంది. వాళ్ళకి అది శ్రావణ అమావాస్య, మన పంచాంగంలో ఆషాఢ అమావాస్య. ఆ రోజు పిల్లలు వెదురు గేడీలెక్కి నడుస్తారు. మనవాళ్ళకి మొదట నేలకి జానెడు ఎత్తులోనే అడుగుచెక్క కట్టండి. తడి సిమెంటు మీద వద్దు, మట్టినేల చూసుకోండి. పక్కన ఒక పెద్దవాళ్ళు నిలబడితే చాలు. ఎలా ఎక్కాలో పక్కింటి పిల్లలే చూపిస్తారు.