జొన్నచేని క్రింద జరుగు సంగతి

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల నల్లరేగడి నేలలలో సేద్యము చేయు ఇండ్ల బాలబాలికలు ఒక మాట వినియే యుందురు: జొన్న నేలసారమును లాగివేయును, దాని వెనుక వేసిన పైరు చక్కగా ఎదుగదు అని. ఇది నిజమే గాని సగము నిజము. జొన్న నేలనుండి తీసికొనుటయే కాక నేలలోనికి కొన్ని పదార్థములను విడుచుచున్నది. ఆ రెండవ సంగతిని గూర్చి యిచ్చట వ్రాయదలచితిమి.

లేత జొన్నమొలక వేరును సూక్ష్మదర్శినితో చూచినచో, నూగువంటి వేరు వెండ్రుకల కొనలయందు పసుపువన్నె నూనెబొట్లు కానవచ్చును. వానిలోని ముఖ్యపదార్థమునకు సోర్గోలియోన్ అని పేరు. పచ్చని మొక్క సూర్యరశ్మితో తన యాహారమును తయారుచేసికొను పనిలో నొక కీలకస్థానమున నిది చేరి, ఆ పనిని అడ్డగించును. ప్రక్కన మొలచిన కలుపుమొక్క పాలిపోయి కృశించును. చిన్నగింజల మొక్కలకే హాని మెండు. పెద్దగింజలో తిండి నిలువయున్న మొక్క కొంత తాళుకొనగలదు. కోతయైన పిదప కొయ్యకాళ్లు వానకు నాని కుళ్లునప్పుడు మరికొన్ని ఆమ్లములును నేలలో దిగును.

ఒక మొక్క విడుచు పదార్థము మరియొక మొక్కపై పనిచేయుటకు 1937లో హాన్స్ మోలిష్ అను శాస్త్రజ్ఞుడు ఆలిలోపతీ యని పేరిడెను. పేరు క్రొత్తదే గాని గమనిక ప్రాచీనము. క్రీస్తుకు పూర్వము సుమారు 300 ఏండ్లనాడే గ్రీసు దేశపు థియోఫ్రాస్టస్, శనగ కలుపును చంపుననియు, అందును పల్లేరును ముందుగా చంపుననియు వ్రాసియుండెను. చెప్పులు లేక చేలలో నడచిన వారికి ఆ శనగపై గౌరవము కలుగక మానదు!

అయితే ప్రక్కమొక్క ఎదుగకపోయిన ప్రతిచోటను విషమే కారణమని తలపరాదు. నీడ, నీటికొరత, నత్రజని లోపము కూడ అట్లే చేయును. జొన్నమోళ్లు కుళ్లునప్పుడు వానిని తిను సూక్ష్మజీవులే నేలలోని నత్రజనిని కొంతకాలము పట్టియుంచును. ఈ రెండు కారణములను విడదీయుట శాస్త్రజ్ఞులకును కష్టమే.

విద్యార్థులు ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. ఎండిన జొన్నదంట్లను తునకలుచేసి ఒకదినము నీటిలో నానబెట్టి వడకట్టవలెను. రెండు పళ్లెములలో తడిగుడ్డపై లెక్కించిన ఆవాలు చల్లి, ఒకదానికి ఈ నీటిని, రెండవదానికి మంచినీటిని పోయవలెను. దినదినము మొలకలను లెక్కించి, వేళ్లను కొలిచి వ్రాసికొనవలెను. పిదప ఆ జొన్ననీటినే పలుచజేసి మరల చూడవలెను. చిక్కని నీటిలో కరిగియున్న పదార్థముల బరువు మాత్రముననే గింజ మొలవకపోవచ్చును గదా. పళ్లెములో జరిగినది చేనిలోనూ జరుగునని వెంటనే నిర్ణయింపరాదు.

ఇట్టి పరీక్షను వయ్యారిభామతో చేయవద్దని మా కోరిక. అమెరికా ఖండమునుండి వచ్చి, 1955 ప్రాంతమున పూనాలో మొదట గుర్తింపబడిన ఈ తెల్లపూల కలుపు ఇప్పుడు మన బాటల ప్రక్కలను నిండియున్నది. దానియందలి పార్థెనిన్ ఇతర గింజల మొలకను అణచుటయే కాక, తాకినవారి చర్మమునకు దురదను దద్దురును కలిగించును. పెరికివేయువారు చేతులను కప్పుకొని, పూవు రాకముందే పెరుకవలెను.

రైతునకు వలసిన దేమనగా, జొన్నకోత పిమ్మట వెంటనే చిన్నగింజల పైరు వేయక, మోళ్లను దున్ని, తడిలో కొన్ని వారములు కుళ్లనిచ్చుట. సూక్ష్మజీవులు ఆ పదార్థములను క్రమముగా విరుగగొట్టును. పైరు మార్పిడిలో మన ప్రత్తికి మరియొక గుణము గలదు. జొన్నవేరును పట్టి బ్రదుకు స్ట్రైగా యను కలుపు గింజలు నేలలో ఏండ్లకొలది నిద్రించును. ప్రత్తివేరు విడుచు స్ట్రైగాల్ అను పదార్థము, 1966లో వేరుచేయబడినది, ఆ గింజలను మేల్కొల్పును. మేల్కొన్న మొలకకు ప్రత్తివేరు తిండిపెట్టదు. పట్టుకొనుటకు జొన్నవేరు దొరకక అది కొలది దినములలో చచ్చును.