150 అక్షరాల్లో మీరెవరు?

ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ర్యాంకు వచ్చిందా, సీటు వచ్చిందా, అంతే. నువ్వెలాంటి మనిషివని అక్కడ ఎవరూ అడగరు. అమెరికాలో డిగ్రీకి దరఖాస్తు పెట్టే మన పిల్లలు తడబడేది ఆ ప్రశ్న దగ్గరే.

అక్కడ మార్కులు అక్కర్లేదని కాదు, మార్కులున్నవాళ్లు మరీ ఎక్కువ. హార్వర్డ్ ప్రవేశాలపై నడిచిన కేసులో ఈ లెక్క బయటికొచ్చింది: 2019లో పట్టా పొందాల్సిన బ్యాచ్‌కు అమెరికా లోపలి నుంచే దాదాపు 26,000 దరఖాస్తులు. వాళ్లలో 3,400 మందికి పైనే శాట్ పరీక్ష లెక్కల్లో పూర్తి మార్కులు. బడి మార్కుల్లో ఏ లోటూ లేనివాళ్లు 8,000 మందికి పైనే. అదే హార్వర్డ్‌లో 2024లో చేరడానికి 54,008 మంది పోటీపడితే పిలుపు అందింది 1,937 మందికి. అంటే నూటికి నలుగురు కూడా లేరు.

మరి మిగతాది ఎక్కడ తేలుతుంది? అక్కడ చాలా కాలేజీలు వాడే ఉమ్మడి దరఖాస్తు కామన్ యాప్‌లో వ్యాసానికి 650 పదాలు మించకూడదు. చదువు బయట చేసిన పనులు పదికి మించి రాయకూడదు. ఒక్కో పని వివరణకు ఖాళీలతో కలిపి 150 అక్షరాలు. వ్యాసం కోసం నెలల తరబడి కుస్తీ పట్టేవాళ్లు ఈ 150ని ఆఖరి రాత్రికి వదిలేస్తారు. నన్నడిగితే అదే పెద్ద నష్టం.

'సమాజసేవ మీద మక్కువతో ఎన్నో కార్యక్రమాల్లో చురుగ్గా పాల్గొన్నాను' అని ఒకరు రాశారనుకోండి. చోటు ఖర్చయింది, ఏం చేశారో తెలియలేదు. 'గుంటూరు యార్డుకు వెళ్లే మా మిరప టిక్కీల తూకం, కూలి, కమీషన్ లెక్కలు మూడేళ్లుగా నేనే రాస్తున్నా' అని ఇంకొకరు రాశారు. ఇందులో మనిషి కనిపిస్తోంది. ఇంటి పని కదా, ఇదీ ఒక ఘనతేనా అని మనవాళ్లు దాచేస్తారు. కానీ ఆ పనుల జాబితాలో కుటుంబ బాధ్యతలకు విడిగా ఒక విభాగమే ఉంది. కన్సల్టెన్సీ వాళ్లు అంటగట్టే రెండు వారాల ఎన్జీవో సర్టిఫికెట్ కంటే అమ్మమ్మను డయాలసిస్‌కు తీసుకెళ్లిన ఏడాదే బరువైనది.

ప్రతి పనికీ వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని కూడా అడుగుతారు. కోతలు దొరికిపోయేది ఇక్కడే. ఎనిమిది పనులకు తలా 15 గంటలు వేశారనుకోండి, 120 అయింది. రోజుకు ఏడు గంటల నిద్ర కలిపితే 169. వారంలో ఉన్నవి 168. ఇంకా కాలేజీకి వెళ్లనే లేదు!

వ్యాసం సంగతి రెండు ముక్కల్లో: ఒకే సంఘటన పట్టుకోండి, పెద్ద మాటలు మానండి. ఏఐ చేత రాయించి తనదని పంపితే కామన్ యాప్ దాన్ని మోసం కిందే జమకడుతుంది. డబ్బు తీసుకుని వ్యాసం రాసిపెడతామనే వాళ్ల జోలికీ పోవద్దు. దరఖాస్తు చివర ఇదంతా నా సొంతమేనని సంతకం పెట్టేది మీరు.

హార్వర్డ్‌కు ముందస్తు దరఖాస్తు గడువు నవంబరు 1, మామూలు గడువు జనవరి 1. పనుల జాబితా దసరా సెలవుల్లోపే రాసి, మిమ్మల్ని బాగా ఎరిగిన ఒక టీచరుకు చూపించండి.