కుక్కల దురదకు స్టిరాయిడు మాత్రలు

పొలము కావలికి గాని, గొఱ్ఱెలమందకు గాని, యింటివాకిటికి గాని కుక్కను పెట్టుకొనని రైతు మన గ్రామములలో అరుదు. ఎద్దునకు జబ్బుచేసినచో తెల్లవారకముందే పశువైద్యశాలకు పరుగెత్తు మనము, కుక్కకు జబ్బుచేసినప్పుడు మాత్రము ఇంటిలో మిగిలియున్న మాత్ర నేదియో అన్నపుముద్దలో పెట్టి వేసి యూరకుందుము. ఇట్లు వేయబడు మాత్రలలో తఱచుగా కనబడునది ప్రెడ్నిసొలోన్. దుకాణములలో వైసొలోన్ మొదలగు పేర్లతో దొరకునది యిదియే. ఉబ్బసమునకును, కీళ్ళవాతమునకును, దద్దుర్లకును వైద్యులు మనుష్యులకు వ్రాయుదురు గనుక చాల యిండ్ల గూళ్ళలో దీని షీటు ఒకటి పడియుండును.

ఈ మాత్ర చెడ్డదని చెప్పుటకు నేను ఈ వ్యాసమును వ్రాయుటలేదు. సరియైన రోగమునకు, సరియైన కొలతలో వాడినచో ఇంత త్వరగా దురదను, వాపును అణచు మందులు కొన్నియే గలవు. 1948వ సంవత్సరములో అమెరికాలోని మేయో వైద్యశాలయందు హెంచ్ అను వైద్యుడు కార్టిసోన్ అను మందును కీళ్ళవాతముతో మంచము పట్టిన యొక స్త్రీకి ఇవ్వగా, ఆమె కొలది దినములలోనే లేచి నడచినది. 1950లో ఆయనకును, కెండాల్, రైఖ్‌స్టైన్ అను శాస్త్రజ్ఞులకును నోబెల్ బహుమాన మొసగబడినది. ఆ మందు వంశములోనిదే మన ప్రెడ్నిసొలోన్.

ఇది శరీరములో చేయుపని ఎట్టిదో తెలిసికొన్నగాని దాని మేలును కీడును బోధపడవు. మనుష్యునకైనను, కుక్కకైనను మూత్రపిండముల చెంత రెండు చిన్నగ్రంథులు గలవు. అవి కార్టిసాల్ అను రసమును ప్రతిదినమును తయారుచేయుచుండును. శరీరము వాపునకు హద్దు పెట్టుకొనుటకును, రోగము, భయము, ఆకలి మొదలగు కష్టములను తట్టుకొనుటకును ఆ రసము అవసరము. ప్రెడ్నిసొలోన్ దానికి మాఱుగా మనుష్యులు చేసినది. దానికంటె సుమారు నాలుగురెట్లు బలమైనది. మాత్ర లోపలికి పోగానే మెదడు క్రిందనున్న యొక గ్రంథి, "రసము చాలినంత యున్నది" అని తలచి, తయారీకి ఆజ్ఞ పంపుట మానును. కాలువనీరు వచ్చుచున్నంతకాలము బావిమోటారును మనము త్రిప్పము గదా. నెలలతరబడి త్రిప్పని మోటారు తుప్పుపట్టినట్లు, ఆ గ్రంథులును క్రుంగిపోవును. ఆ స్థితిలో కాలువ హఠాత్తుగా ఎండినచో చేను ఏమగునో రైతులకు నేను చెప్పనక్కఱలేదు.

ఇందు నా తప్పిదము నొకదానిని చెప్పవలసియున్నది. మా ప్రాంతమునందు ఒక రైతు వేరుసెనగచేని కావలికి రెండేండ్ల కుక్కను పెంచుచుండెను. అడవిపందులను తఱుముటలో అది మంచి పనివాడు. ఒక వేసవిలో అది తోకమొదలునుండి నడుమువఱకు రేయింబవళ్ళు కొఱుకుకొన నారంభించెను. నేను పొలము చూడబోయినప్పుడు ఆ రైతు, "అయ్యా, మా తాతగారి ఉబ్బసపు మాత్రలు మిగిలియున్నవి. దీనికి వేయవచ్చునా?" అని యడిగెను. నేను పశువైద్యుడను కాను. అయినను పంటల తెగుళ్ళను గూర్చి దినమంతయు చెప్పి చెప్పి అలవాటుపడిన నోరు గనుక, "వేసి చూడుము, దురద తగ్గును" అంటిని. రెండుదినములలో దురద నిజముగనే తగ్గెను. ఆ రైతు సంతోషించి, దురద మరల వచ్చినప్పుడెల్ల దుకాణమునుండి షీటు తెచ్చి వేయుచు, చివరకు ప్రతిదినమును వేయ మొదలిడెను. ఇట్లు నాలుగుమాసములు గడచెను.

మొదట కుక్క గాబులోని కుడితినీరంతయు త్రాగుట కనబడెను. మునుపు కుండవంక చూడని కుక్క వంటయింటిలో దూరి దొంగతిండికి మరగెను. కాలు కదల్చకపోయినను రొప్పుచుండెను. తరువాత పొట్ట సంచివలె జాఱి, వెనుకకాళ్ళు సన్నబడెను. కండ్లచుట్టును, ముందుకాళ్ళపైని వెండ్రుకలు రాలి చర్మము బోడియయ్యెను. అప్పుడెవ్వరో "ఆ మాత్రలు విషము" అనగా, రైతు భయపడి ఉన్నవన్నియు కాలువలో పారవైచెను. మూడవనాడు కుక్క వాంతులు చేసికొని, తెల్లవారునప్పటికి కాళ్ళు నిలువక చేనిగట్టున పడియుండెను.

ఆటోలో వేసికొని పశువైద్యశాలకు కొనిపోతిమి. వైద్యుడు నరమునకు సెలైను ఎక్కించి, ఏ మందును మేము పారవైచితిమో ఆ జాతి మందునే సూదిద్వారా ఇచ్చెను. నేను ఆశ్చర్యపడగా, "కాలువను కట్టివేసితిరి, బావిలో ఊట ఇంకను రాలేదు" అని ఆయనయే పై యుపమానమును చెప్పెను. పిమ్మట బ్లేడుతో చర్మమును గీఱి సూక్ష్మదర్శినిలో చూపెను. డెమోడెక్స్ అను పురుగులు, పొడవుగా చుట్టలవలె, లెక్కకు మిక్కిలిగా నుండెను. ఇవి ఆరోగ్యముగల కుక్క చర్మములోను కొద్దిగా నుండునవే. శరీరపు కాపుదల సన్నగిల్లినప్పుడు అవి విజృంభించును; ఆ కాపుదలను సన్నగిల్లజేసినది మన మాత్రయే.

మొదటి దురదకు కారణమైనది ఇదియు కాదు. ఆయన తడిపిన తెల్లని దూదిని తోకమొదట రుద్దగా దానికంటిన నల్లని నలుసులు తడికి ఎఱ్ఱబడెను. అవి వెండ్రుకల నడుమ పరుగెత్తి దూకెడు సన్నని నల్లపురుగుల మలము. అందలి ఎఱుపు కుక్కరక్తమే. కొన్ని కుక్కలకు ఆ పురుగుల యెంగిలి పడదు. కొలదిగా కుట్టినను ఒళ్ళంతయు దురద రేగును. పురుగులు కుక్కమీద కొన్నియే యుండినను, వాని గ్రుడ్లును పిల్లలును అది పండుకొను గడ్డివామిక్రిందను, కొట్టపు మూలలందును పెరుగుచుండును. ఆ పురుగులకు మందు పెట్టి, కొట్టము ఊడ్చి, దాని పఱపుగోనెను వేడినీట నుడికించినచో మొదటనే తీఱిపోవలసిన జబ్బు, నాలుగుమాసముల మందుతో ప్రాణముమీదికి వచ్చెను.

కావున దురద యన్నది రోగము కాదు, రోగము కొట్టు తలుపుచప్పుడు. తోకమొదటనైనచో ఈ పురుగులను అనుమానింపవలెను. చెవి అంచులు, మోచేతులు పొరలుపొరలుగా పగిలి, ఇంటివారికిని దురద పుట్టినచో అది అంటుగజ్జి. గుండ్రని మచ్చలతో వెండ్రుకలు రాలినచో తామర కావచ్చును. తామరకును, గజ్జికిని స్టిరాయిడు వేయుట నిప్పుపై ఊక పోయుటయే; పైకి చల్లబడినట్లుండి లోపల రగులును. పాదములు నాకుకొనుట, చంకలు, పొట్ట, చెవులు ఎఱ్ఱబడుట అను లక్షణములు ఆఱునెలలు మొదలు మూడేండ్ల వయస్సులో మొదలైనచో గాలిలోని ధూళి, పుప్పొడి పడని తత్త్వమై యుండవచ్చును. తిండి పడకపోవుటయు నుండును; దానిని తేల్చుటకు వైద్యుడు చెప్పిన మేతనొక్కదానినే సుమారు ఎనిమిదివారములు పెట్టి చూడవలెను. మన పల్లెకుక్క వీథిలో నెంగిలాకులు నాకకుండ ఎనిమిదివారము లుండునా యని వైద్యులే నవ్వుదురు గాని, కట్టి పెంచువారికి సాధ్యమే. ఒక మాట, పంటపై జల్లు పురుగుమందును కుక్క ఒంటిపై పోయువారిని నేను చూచియున్నాను. కుక్క నాకుకొనును, చచ్చును. అది ఎన్నటికిని కూడదు.

ఇక వైద్యుడు పరీక్షించి ఈ మాత్ర వ్రాసినప్పుడు చీటి నర్థము చేసికొనుటకు కొంత లెక్క తెలిసియుండవలెను. పడని తత్త్వమునకు, వాపునకు సామాన్యముగా కుక్క బరువులో కిలోకు అర మిల్లీగ్రాము మొదలు ఒక మిల్లీగ్రాము వఱకు దినమునకు వ్రాయుదురు. ఇరువదికిలోల కుక్కకు కిలోకు అరచొప్పున 10 మిల్లీగ్రాములు. కొన్నిదినముల పిమ్మట దురద అణగినంతనే దినము విడిచి దినము ఇచ్చి, ఆ మీదట సగము చేసి, దురదను ఆపగల అత్యల్పమునకు తెత్తురు, లేదా పూర్తిగా మాన్పింతురు. దినము విడిచి ఇచ్చుటలోని రహస్యమేమనగా, ఆ విడుపుదినమున గ్రంథులకు పని కలిగి అవి బ్రతికియుండును. శరీరము తన రక్తకణములను తానే చంపుకొను కొన్ని ఘోరవ్యాధులకు కిలోకు రెండు మిల్లీగ్రాముల వఱకు ఇచ్చుటయు గలదు. అది వైద్యుని కనుచూపులో జరుగవలసిన పని. కుక్క బరువు ఊహించి చెప్పరాదు. మన సంఘపు గిడ్డంగిలోని కాటాపై కుక్కనెత్తుకొని ఒకసారియు, వట్టిగా ఒకసారియు నిలిచి తీసివేసిన చాలును.

మాత్ర పరిమాణమును చూచి మోసపోవలదు. డెక్సామెథసోన్ అనునది ఈ జాతిదే గాని, అది ముప్పాతిక మిల్లీగ్రామైనను ప్రెడ్నిసొలోన్ అయిదు మిల్లీగ్రాములకు సమానము. దాని ప్రభావము శరీరములో ఎక్కువకాలము నిలుచును. ఒకదాని లెక్క మఱియొకదానికి చెల్లదు. ఇవి షెడ్యూల్ హెచ్ అను పట్టికలోని మందులు. చీటి లేక అమ్మరాదని చట్టము. అడిగినంతనే ఇచ్చు దుకాణదారుడు మనకు ఉపకారము చేయుచున్నాడని తలపవలదు.

మాత్రను తిండితోనే యుదయమున ఇచ్చుట మేలు. రాత్రి ఇచ్చినచో మాటిమాటికి మూత్రమునకు లేచును. త్రాగునీటిని ఎన్నడును తగ్గింపరాదు. దప్పిక మందువలన గలిగినది గాని తుంటరితనమువలన గాదు. కుంటుచున్న కుక్కకు ఈ మాత్రతోపాటు డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, మెలోక్సికామ్ వంటి నొప్పిమాత్రలను కలిపి వేసినచో కడుపులో పుండ్లుపడి రక్తము కాఱును. తారువంటి నల్లని విరేచనము, నెత్తుటి వాంతి కనబడినచో ఆలస్యము చేయరాదు. చూలుకుక్కకును, మధుమేహమున్న కుక్కకును, చీముపుండు గలదానికిని వైద్యుడు ప్రత్యేకముగా చెప్పిననే తప్ప ఇది పనికిరాదు. కంటిలో ముల్లు గీచుకొన్న కుక్కకు స్టిరాయిడు కలిసిన చుక్కలు వేసి కన్ను పోగొట్టుట మఱియొక దురభ్యాసము. తేనెటీగ కుట్టి మొగము వాచినప్పుడు మాత్ర పని చేయునంతవఱకు కూర్చుండరాదు. ఊపిరి కష్టమగుచున్నచో సూదిమందే దిక్కు. పిచ్చికుక్క వ్యాధి టీకాను మాత్రము ఈ మందు పేరు చెప్పి మానివేయరాదు. పెద్దమోతాదు నడచుచున్నప్పుడు దానిని ఎప్పుడు వేయించవలెనో వైద్యునే యడుగవలెను.

దీర్ఘకాలము దురదతో బాధపడు కుక్కలకు నేడు ఓక్లాసిటినిబ్ అను వేఱు జాతి మాత్రయు గలదు. అది ఏడాది నిండిన కుక్కలకే, వెల యెక్కువ. స్టిరాయిడు చవుక గనుకనే పల్లెలలో ఇంతగా వ్యాపించినది.

ఆ చేనికుక్కకు మాత్రలను క్రమముగా తగ్గించి మాన్పించుటకు రెండుమాసములు, చర్మపుపురుగులకు మందువేసి వెండ్రుకలు మరల మొలచుటకు ఇంచుమించు నాలుగుమాసములు పట్టెను. ఆ సంవత్సరము వేరుసెనగను పందులు త్రవ్విపోసినవి. ఆ నష్టములో నా మాటకును పాలుకలదని రైతు అనలేదు గాని, నాకు తెలియును. ఇప్పటికే మీ కుక్కకు ఈ మాత్రలు వేయుచున్నవారు నేడే మానివేయవలదు. షీటును వెంట తీసికొని, ఎన్నిదినములనుండి దినమునకు ఎంత వేయుచున్నారో కాగితముమీద వ్రాసికొని, పశువైద్యశాలకు వెళ్ళుడు.