గరాజ్‌లో దోనె

అమెరికాలో పడవ అనగానే మనవాళ్ళ కళ్ళముందు రెండే మెదులుతాయి. ఒకటి కోటీశ్వరుల యాట్. రెండోది లాంగ్ వీకెండ్‌కి నాలుగు కుటుంబాలు చందాలేసుకుని గంటకింతని అద్దెకి తీసుకునే పాంటూన్ బోటు, దాంట్లో పులిహోర, బ్లూటూత్ స్పీకరు. ఈ రెంటికీ మధ్య మూడోది ఒకటుంది. దాని పేరు జాన్ బోటు. అడుగు బల్లపరుపుగా, ముక్కు కోసేసినట్టు చదరంగా ఉండే అల్యూమినియం పడవ. మోకాలి లోతు నీళ్ళలో కూడా తిరుగుతుంది, చిన్న కారు వెనకాల ట్రైలర్ మీద వచ్చేస్తుంది, మన గరాజ్‌లో సగంలో సర్దుకుంటుంది. మిగతా సగంలో ఆవకాయ జాడీలూ, బియ్యం బస్తాలూ ఎప్పటిలాగే ఉండొచ్చు.

మాది కైకలూరు దగ్గర, కొల్లేటి పక్క ఊరు. తాటిమాను తొలిచి చేసిన దోనెలు, రెండు దోనెలు పక్కపక్కన కట్టిన సంగడులు చూస్తూ పెరిగిన వాణ్ణి. డాలస్ ఉత్తరాన శివార్లలో ఇరవయ్యేళ్ళుగా ఉంటున్నాను కాబట్టి మాకు దగ్గర నీళ్ళంటే లూయిస్‌విల్ చెరువు, ఇంకాస్త ఓపికుంటే ఓక్లహోమా సరిహద్దున టెక్సోమా. రెండూ ఆనకట్టలు కట్టి నిలిపిన నీళ్ళే. టెక్సోమాని నిలిపిన డెనిసన్ ఆనకట్ట 1944లో పూర్తయింది. నేను కొన్నది 14 అడుగుల పాత పడవ, ట్రైలర్‌తో కలిపి 1,400 డాలర్లు. మా ఆవిడ ఒకే షరతు పెట్టింది. "మీరేం చేసుకుంటారో చేసుకోండి. నీళ్ళు నిండినా అది మునగదని నా కళ్ళకి చూపించాకే పిల్లాడు ఎక్కుతాడు." ఆ షరతే ఈ పనినంతా నడిపించింది.

పడవ ఇంటికి రాగానే మొదటి పని, లోపల వేసిన కార్పెట్ పీకడం. పాతాయనెవరో మధ్య బెంచీ కోసేసి, కలపతో పెద్ద డెక్ కట్టాడు. కార్పెట్ కింద ఆకుపచ్చ చాయ కలప, దాని కింద అల్యూమినియం మీద తెల్లటి పొడి. వేలితో రుద్దితే సూదిమొన రంధ్రాలు మూడు. చెదపట్టకుండా మందెక్కించిన కలప ఇక్కడ ప్రతి హార్డ్‌వేర్ దుకాణంలోనూ దొరుకుతుంది. పెరటి డెక్కులకి అదే వాడతాం. 2003 చివరి వరకూ ఇళ్ళకి వాడే ఆ కలపలో ఆర్సెనిక్ ఉండేది. అది మానేశాక వచ్చిన మందుల్లో రాగి పాలు పెరిగింది. రాగీ అల్యూమినియమూ తడిగా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే అల్యూమినియం కరిగిపోతుంది, బ్యాటరీలో జరిగే పనే అది. అంచేత అల్యూమినియం పడవలో ఆ కలప పెట్టకూడదు. మామూలు ఎక్స్‌టీరియర్ ప్లైవుడ్ తెచ్చి, అంచులతో సహా ఎపాక్సీ మూడు పూతలు పూసుకోవడం మేలు. బోల్టులు స్టెయిన్‌లెస్‌వి. రంధ్రాలు మూడూ గీకి, శుభ్రం చేసి, లోపల అల్యూమినియం ముక్క పెట్టి, రివెట్లు కొట్టి, మెరైన్ సీలెంట్‌తో మూసేశాం.

అప్పటికి మా నాన్నగారు ఆరునెలల వీసా మీద వచ్చి ఉన్నారు. టీవీ చూసీ చూసీ విసుగెత్తి గరాజ్‌లో కుర్చీ వేసుకున్నారు. నేను కాగితం మీద గీసిన డెక్ చూపించాను, ముందువైపు ఎత్తుగా, నిలబడి గాలం విసరడానికి వీలుగా. ఆయన కాగితం వంక చూడలేదు, పడవలో వెనక అతికించిన చిన్న రేకు వంక చూశారు. "ఏంట్రా అది?"

అది కెపాసిటీ ప్లేటు. ఇరవై అడుగుల లోపు మోటారు పడవలన్నిటికీ తయారీదారు అది అతికించి తీరాలి. 1971 ఫెడరల్ చట్టం తర్వాత వచ్చిన నియమం. మా దాని మీద ముగ్గురు మనుషులు లేదా 400 పౌండ్లు, మనుషులూ మోటారూ సామానూ అంతా కలిపి 580 పౌండ్లు, 15 హార్స్‌పవర్ అని ఉంది. నాన్నగారు చదివించుకుని, "అయితే ఈ బల్లలన్నీ ఎవరి లెక్కలో రాస్తావు అబ్బాయ్?" అన్నారు.

లెక్క వేశాం. నేనూ, ఆవిడా, అబ్బాయీ కలిపి దగ్గర దగ్గర 400. ఎలక్ట్రిక్ మోటారు 25, బ్యాటరీ 26, లంగరూ తాడూ 12, ఐస్‌పెట్టె 30, గాలాల సరంజామా 15. మొత్తం 508. మిగిలింది 72 పౌండ్లు. అర అంగుళం ప్లైవుడ్ నిండు షీటు ఒక్కటే 45 పౌండ్ల దాకా తూగుతుంది, నా బొమ్మకి రెండు షీట్లు కావాలి. బ్యాటరీ పాతరకం సీసపుదైతే 60 పౌండ్లు, అప్పుడు మిగిలేది 38. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ధర ఎక్కువే, కానీ ఆ డబ్బుకి నాకు వచ్చింది 34 పౌండ్ల జాగా అనుకుంటే ఖరీదు కాదు. ఎత్తు డెక్ పోయింది. పడవ అడుగునే, పక్కటెముకల మీద ఆనేలా, ఒక్క షీటులో సరిపెట్టిన నేల వేశాం. దోనెలో నిలబడితే దోనె కన్నా ముందు మనమే తిరగబడతామన్నది నాన్నగారి అనుభవం. జాన్ బోటు దోనె కన్నా చాలా నిలకడైనదే, అయినా బరువు పైకి పోయేకొద్దీ పడవ ఒరిగే గుణం పెరుగుతుందన్నది ఏ పడవకైనా ఒకటే.

ఇక ఆవిడ షరతు. ఇలాంటి పడవల బెంచీల కింద నురుగు దిమ్మెలు ఉంటాయి. అవి మెత్తగా కూర్చోవడానికి కాదు. పడవ నిండా నీళ్ళు వచ్చినా అది తేలాలి, అదీ తిరగబడకుండా బల్లపరుపుగా తేలాలి అన్నది కోస్ట్‌గార్డ్ నియమం. మధ్య బెంచీ కోసేసినప్పుడు పాతాయన సగం తేలే శక్తిని కోసేశాడు. పడవ పక్కలు బిగువుగా పట్టి ఉంచేది కూడా ఆ బెంచీయే. యూట్యూబ్‌లో బెంచీలు కోసి విశాలంగా చేసిన పడవలు వందలకొద్దీ కనిపిస్తాయి. ఆ నురుగు తీసి ఎక్కడ పెట్టారో చెప్పేవాళ్ళు తక్కువ.

దీని లెక్క మన హైస్కూలు ఆర్కిమిడిస్ లెక్కే. ఘనపుటడుగు మంచినీళ్ళు 62.4 పౌండ్లు. ఘనపుటడుగు నురుగు బరువు సుమారు రెండు పౌండ్లు. అంటే ఒక్కో ఘనపుటడుగు నురుగు 60 పౌండ్లని పైకి లేపుతుంది. అల్యూమినియం నీళ్ళకంటే 2.7 రెట్లు బరువైనది కాబట్టి మునిగినప్పుడు దాని బరువు మూడోవంతు పైగా తగ్గుతుంది. 180 పౌండ్ల పడవ నీళ్ళలో 113 పౌండ్లే. మోటారూ బ్యాటరీ కలిపితే 165 లోపు. దుకాణంలో గోడలకి వేసే గులాబీరంగు ఎక్స్‌పీఎస్ ఫోమ్, రెండంగుళాల మందం, నాలుగు బై ఎనిమిది షీటు ఒకటి తెస్తే 5.3 ఘనపుటడుగులు, 300 పౌండ్లు పైన లేపుతుంది. ఎంత పెట్టామన్నది ఎంత ముఖ్యమో ఎక్కడ పెట్టామన్నదీ అంతే ముఖ్యం. అంతా అడుగున మధ్యలో పెడితే నీళ్ళు నిండిన పడవ బోర్లా పడుతుంది. పక్కల పొడవునా, వీలైనంత పైన, మోటారు బరువుండే వెనక మూలల్లో ఇంకాస్త ఎక్కువగా పెట్టాలి. మధ్య బెంచీ కూడా అల్యూమినియం యాంగిళ్ళతో తిరిగి కట్టాం. పెట్రోలు మోటారు వాడేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది, పెట్రోలు తగిలితే ఈ ఫోమ్ కరిగిపోతుంది.

జూన్‌లో ఒక వారపు రోజు, రద్దీ లేని వంపులో, ఛాతీ లోతు నీళ్ళలోకి దించాం. మోటారూ బ్యాటరీ ఇంట్లో వదిలి, వాటి జాగాలో నా పాత డంబెల్స్ 50 పౌండ్లవి కట్టాం. అందరికీ లైఫ్ జాకెట్లు. ప్లగ్గు తీసేసి, ఒక పక్కకి వంచి నీళ్ళు పట్టించాను. పడవ నిండిపోయి, బుడగలొచ్చి, మెల్లగా దిగింది. అంచు నీటికి మూడంగుళాల పైన ఆగింది. నేను ఒక మూల పట్టుకుని వేలాడితే ఆ మూల మునిగి, వదలగానే మళ్ళీ లేచింది. ఆవిడ గట్టు మీద నుంచి, "ఇంకోసారి, అటుపక్క కూడా" అంది. అటుపక్క కూడా చేశాం. నాన్నగారు మాత్రం గొడుగేసుకుని కూర్చుని, కొల్లేట్లో దోనె నిండితే ఊపి ఊపి నీళ్ళు చిమ్మేసేవాళ్ళం, నువ్వు బకెట్టు కూడా తెచ్చుకోలేదు అన్నారు. ఆ సాయంత్రమే బకెట్టు కొని తాడుతో కట్టేశాను.

కరెంటు పని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే పడవల్లో నిప్పు అంటుకునేది అక్కడే. ఎలక్ట్రిక్ ట్రోలింగ్ మోటారు ఇక్కడివాళ్ళ సొంత కనిపెట్టుడు. 1934లో నార్త్ డకోటాలోని ఫార్గోలో ఓ.జి. ష్మిట్ అనే ఆయన చేసిన మోటారుతో మిన్ కోటా పుట్టింది. మిన్నెసోటా, డకోటా కలిపితే ఆ పేరు. 55 పౌండ్ల తోపు ఉన్న 12 వోల్టుల మోటారు పూర్తి వేగంలో 50 యాంపులు లాగుతుంది. ఇంట్లో మామూలు ప్లగ్గు సర్క్యూట్లు 15, 20 యాంపులవి అని గుర్తుచేసుకుంటే దాని తీవ్రత తెలుస్తుంది. తీగ సన్నదైతే వేడెక్కుతుంది. అమెరికన్ గేజిలో నంబరు తగ్గేకొద్దీ తీగ లావు. బ్యాటరీ నుంచి మోటారుకి పదడుగుల లోపు దూరానికి నేను ఆరో నంబరు వేశాను. కళాయి పూసిన, సన్నపోగుల మెరైన్ తీగే వాడాలి. ఇంటి గోడల్లో వేసే ఒంటి కడ్డీ తీగ కుదుపులకి విరుగుతుంది. బ్యాటరీ దగ్గర్లోనే 60 యాంపుల బ్రేకరు. 100 యాంప్-అవర్ బ్యాటరీ పూర్తి వేగంలో రెండు గంటలే, నెమ్మదిగా పోతే రోజంతా. లిథియం బ్యాటరీని గడ్డకట్టే చలిలో ఛార్జ్ చేయకూడదు, జనవరిలో గరాజ్‌లో ఈ మాట మర్చిపోకండి.

చిన్న చిన్న పనులు మా అబ్బాయివి. ఒకటిన్నర అంగుళాల పీవీసీ గొట్టాలు కోసి, అంచులు గీకి, గాలం కర్రలు నిలబెట్టే గూళ్ళు చేశాడు, ఒక్కోటి మూడు డాలర్లు కాలేదు. ఫిష్‌ఫైండర్ సెన్సారు బిగించడానికి వెనక పలకకి పదే పదే రంధ్రాలు పెట్టక్కర్లేకుండా, తెల్లటి ప్లాస్టిక్ కూరల బల్ల ఒకటి సీలెంట్ పూసిన బోల్టులతో ఒక్కసారే బిగించేశాం. ఇక ఏ మార్పయినా ఆ బల్లకే. ఆ బల్ల ఎవరి వంటింటిదో ఇక్కడ రాయను. లంగరు తాడు ముక్కు వైపే కట్టాలి. చిన్న పడవకి వెనక లంగరు వేస్తే గాలికి అల వెనక పలక మీదుగా లోపలికి వచ్చేస్తుంది. టెక్సస్ చెరువుల మీద గాలి మధ్యాహ్నానికి ఎలా మారుతుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. లోతుకి ఐదు నుంచి ఏడు రెట్ల తాడు వదలాలి. లోతులేని చోట లంగరు కన్నా గెడే నయమని నాన్నగారు పట్టుబట్టి, ఎనిమిదడుగుల ఫైబర్‌గ్లాస్ కడ్డీకి పిడి చేయించారు. ఇదే వస్తువు ఇక్కడి దుకాణాల్లో పుష్ పోల్ అనే పేరుతో మంచి ధరకి అమ్ముతారు.

పూర్తిగా కొత్త పడవే కట్టాలనుకునేవాళ్ళకి ప్లైవుడ్ పలకల్ని రాగి తీగతో కుట్టి, కుట్ల మీద ఎపాక్సీ, ఫైబర్‌గ్లాస్ పట్టీ వేసే పద్ధతి ఉంది. ఇంగ్లండులో 1962లో వచ్చిన మిర్రర్ డింగీతో అది ఇంటింటి పని అయింది. పలకల్ని కుట్టడం మన తీరానికి కొత్త కాదు. కోరమాండల్ తీరాన మసులా పడవల్ని మేకులు లేకుండా కొబ్బరితాడుతోనే కుట్టేవారు, అలల దెబ్బకి విరగకుండా వంగాలని. మద్రాసుకి రేవు లేని రోజుల్లో ఓడల నుంచి దొరల్ని ఒడ్డుకి చేర్చినవి అవే.

లైఫ్ జాకెట్ల మాట. ప్రతి వేసవీ ఏదో ఒక రాష్ట్రం నుంచి చెరువులో మునిగిపోయిన మన పిల్లల వార్త వస్తూనే ఉంది. ఊళ్ళో కాలవలో ఈదిన ధైర్యం చాలామందికి ఉంటుంది. ఆ కాలవకి ఒడ్డు పది బారల దూరం, ఇక్కడ అరమైలు. కోస్ట్‌గార్డ్ లెక్కల్లో పడవ ప్రమాదాల్లో మునిగి చనిపోయినవారిలో పదింట ఎనిమిది మందికి పైగా జాకెట్ వేసుకోనివారే. పడవలో మనిషికొకటి ఉండాలన్నది చట్టం. టెక్సస్‌లో 26 అడుగుల లోపు పడవ కదులుతుంటే 13 ఏళ్ళ లోపు పిల్లలు వేసుకునే ఉండాలి. మా పడవలో వయసుతో పనిలేదు. నాన్నగారు మొదట ఒప్పుకోలేదు. "కొల్లేట్లో పుట్టినవాడికి ఇదేంట్రా?" అని. మనవడు వచ్చి బకిల్స్ పెట్టేస్తే కిక్కురుమనలేదు.

కాగితాల సంగతి. టెక్సస్‌లో ఎలక్ట్రిక్ మోటారు ఉన్నా సరే పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వారి దగ్గర పడవ రిజిస్టర్ చేయించాలి. 1993 సెప్టెంబరు 1 తర్వాత పుట్టినవారు 15 హార్స్‌పవర్ దాటిన పడవ నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. మూడు హార్స్‌పవర్, ఆపైన మోటారుంటే, 2021 ఏప్రిల్ నుంచి ఇంజను ఆపే తాడు ఒంటికి తగిలించుకోవడం తప్పనిసరి. గాలం లైసెన్సు 17 ఏళ్ళు నిండినవారికి వేరే. టెక్సోమాలో 2009లో జీబ్రా మసెల్స్ అనే గుల్లలు బయటపడ్డాక, 2014 నుంచి రాష్ట్రమంతటా చెరువు వదిలే ముందు పడవలో, ఐస్‌పెట్టెలో, పంపుల్లో నీళ్ళన్నీ ఖాళీ చేయాలి. ర్యాంపు మీద ప్లగ్గు తీసి, నీళ్ళు కారుతుండగా అక్కడే టీ తాగుతాం.

నాన్నగారు అక్టోబరులో వెళ్ళిపోయారు. వెళ్ళేముందు రోజు పట్టిన క్యాట్‌ఫిష్ మూడింటిని మా ఆవిడ చింతపండు పులుసు పెట్టింది, జెల్ల అంత రుచి లేదన్నారు గానీ రెండోసారి వడ్డించుకున్నారు. గెడ మాత్రం గరాజ్ గోడకి మేకులు కొట్టి ఎవరూ తీయకుండా ఆయనే తగిలించి వెళ్ళారు. ఈ చలికాలం పని ట్రైలర్ చక్రాల బేరింగులకి గ్రీజు పెట్టడం, ముందుకి ఎరుపు-ఆకుపచ్చ ఎల్‌ఈడీ దీపాలు, వెనక తెల్లటిది. సాయంత్రాలు క్రాపీ చేప బాగా పడుతుందంటున్నాడు మా అబ్బాయి.