పక్షి తీసిన చీటీ

ఇరాను దేశమున షీరాజు నగరములో మహాకవి హాఫిజు సమాధి కలదు. ఆ ఉద్యానవనపు వాకిట చిన్న పెట్టెలు పట్టుకొని నిలుచున్న మనుష్యులు కనబడుదురు. పెట్టెనిండ రంగురంగుల చీటీలు. పెట్టెమీద ఒక చిన్న పక్షి. సమాధి చూడవచ్చినవారు మనస్సులో ఒక కోరిక తలచుకొని కొంత సొమ్మిత్తురు. పక్షి ముక్కుతో ఒక చీటీని లాగును. అందు హాఫిజు పద్యమును, దానిని బట్టి చెప్పిన ఫలమును ఉండును. తెలుగునాట సంతలలోను, గుడిముంగిళ్ళలోను చిలకజోస్యము చూచినవారికి ఈ దృశ్యము క్రొత్త కాదు. పంజరములోని చిలక వెలికి వచ్చి అట్టముక్కను తీయుటయు, షీరాజులోని పిట్ట పద్యపు చీటీని తీయుటయు ఒక్క వంశములోనివే.

అయితే షీరాజు ముస్లిముల నగరము. ఇస్లాం ధర్మశాస్త్రము జోస్యమును స్పష్టముగా నిషేధించినది. నిషేధమొకవైపు, వాడుక ఇంకొకవైపు వందలయేండ్లుగా ప్రక్కప్రక్కనే సాగుచున్నవి. ఆ నిషేధము దేనిని గూర్చినది? చీటీని గూర్చియా, లేక చీటీని అడుగువాని మనస్సును గూర్చియా? ఇది తెలిసినచో ఈ వైరుధ్యము కొంత విడిపోవును.

బాణముల తీర్పు

కాగితపు చీటీలు లేని కాలమున అరబ్బులు బాణములతో ప్రశ్న చూచెడివారు. ఇవి వేటకు వాడు బాణములు కావు. ఈకలు లేని పుల్లలు. ఖురాను వ్యాఖ్యాతలు చెప్పినదాని ప్రకారము, ఒక పుల్లమీద ప్రభువు ఆజ్ఞాపించెననియు, రెండవదానిమీద ప్రభువు వారించెననియు వ్రాసియుండెడిది. మూడవది ఖాళీ, అది వచ్చినచో మరల తీయవలెను. ప్రయాణమునకును, పెండ్లికిని, వర్తకమునకును ఈ పుల్లలే అనుమతి ఈయవలెను. మక్కాలోని కాబాలో హుబలు అను విగ్రహము నెదుట ఇట్టి బాణములు ఏడు ఉండెడివని 8వ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్ను ఇస్‌హాకు తెలిపెను.

ఆతడే చెప్పిన కథ యొకటి కలదు. మహమ్మదు ప్రవక్త తాత అబ్దుల్ ముత్తలిబు, తనకు పదుగురు కుమారులు కలిగి పెరిగి పెద్దవారైనచో ఒకనిని బలి యిత్తునని మ్రొక్కుకొనెను. మ్రొక్కు తీర్చవలసిన దినమున బాణము అబ్దుల్లా పేరిట వచ్చెను. బంధువులు అడ్డుపడిరి. చివరకు ఒక సోదెకత్తెను అడుగగా, ఒకవైపు పది ఒంటెలను, ఇంకొకవైపు కుమారుని నిలిపి బాణము తీయుమనియు, కుమారుని పేరు వచ్చినప్పుడెల్ల పది ఒంటెలు పెంచుమనియు ఆమె చెప్పెను. ఒంటెలు నూరైన పిదపగాని బాణము వాటివైపునకు తిరుగలేదు. అబ్దుల్లా బ్రతికెను. ఆ అబ్దుల్లా కుమారుడే ప్రవక్త. ఒక పుల్లముక్కమీద ఒక బిడ్డ ప్రాణము ఆధారపడిన కాలమది. ఈ కథ తెలిసినవారికి తరువాత వచ్చిన నిషేధపు తీవ్రత బోధపడును.

ఖురాను అయిదవ అధ్యాయమున రెండు చోట్ల ఈ బాణముల ప్రస్తావన వచ్చును. ఒకచోట వీటితో పాలు తెలిసికొనుట నిషిద్ధమైనవాటిలో చేర్పబడినది. రెండవచోట మద్యముతోను, జూదముతోను, బలిరాళ్ళతోను కలిపి వీటిని విడువుమని ఆజ్ఞ. 630వ సంవత్సరమున మక్కా వశమైనప్పుడు కాబాలో ఇబ్రాహీము, ఇస్మాయీలుల చిత్రములు కనబడెను. వారి చేతులలో జోస్యపు బాణములుండెను. వారెన్నడును అట్టి పని చేయలేదని చెప్పి ప్రవక్త వాటిని తొలగింపజేసెనని హదీసు.

గుప్తమైనది ఎవరికి తెలియును?

నిషేధమునకు మూలకారణ మొక్కటే. కంటికి మరుగైనదానిని, రాబోవుదానిని ఎరిగినవాడు దైవమొక్కడే యని ఖురాను పలుమారులు చెప్పును. ప్రవక్తయు తనకు ఆ జ్ఞానము కలదని చెప్పుకొనరాదు. ఈ విషయమును బోధించు కథ సులైమాను మరణమును గూర్చినది. ఆయన చేతికఱ్ఱమీద ఆనుకొనియే మరణించెను. ఆయన ఆజ్ఞకు లోబడిన జిన్నులు, ఆయన జీవించియున్నాడనుకొని కష్టమైన పనులు చేయుచునే యుండిరి. పురుగు కఱ్ఱను తొలిచివేయగా దేహము నేల కొరిగెను. అప్పుడుగాని తమకు గుప్తజ్ఞానము లేదని వారికి తేటపడలేదు.

632లో ప్రవక్త పసికుమారుడు ఇబ్రాహీము మరణించిన దినమున సూర్యగ్రహణము పట్టెను. ఆ బిడ్డ మరణమువలననే సూర్యుడు చీకటిపడెనని జనులు చెప్పుకొనిరి. శోకములో నున్న తండ్రి ఆ మాటను అంగీకరింపలేదు. సూర్యచంద్రులకు ఎవరి చావువలనను, ఎవరి పుట్టుకవలనను గ్రహణము పట్టదని ఆయన స్పష్టపరచెను. సోదె చెప్పువానియొద్దకు పోయి ప్రశ్న అడిగినవాని నమాజు నలువది రాత్రులు అంగీకరింపబడదని మరియొక హదీసు.

ఇంతమాత్రమున చీట్లు వేయుట యంతయు నిషిద్ధమనుకొనరాదు. ప్రవక్త ప్రయాణమగునప్పుడు తన భార్యలలో ఎవరిని వెంట తీసికొనిపోవలెనో చీట్లు వేసి నిర్ణయించెడివాడు. మర్యమును ఎవరు పెంచవలెనని కలములు వేసి చూచిన సంగతి ఖురానులోనే కలదు. రెండును చూపులకు ఒక్కటే, అర్థములో వేరు. సమానమైన హక్కుగలవారి నడుమ పక్షపాతము రాకుండ వంతు తేల్చుటకు వేసిన చీటీ న్యాయమునకు సాధనము. అది భవిష్యత్తు నెరుగుదునని చెప్పదు. విధి ఏమని అడిగి తీసిన చీటీ తనకు లేని జ్ఞానమును ఉన్నట్లు చూపును. ఆటలో పక్షమునకు బొమ్మ బొరుసు వేయు విద్యార్థి, పరీక్ష ఫలమునకు బొమ్మ బొరుసు వేయు విద్యార్థి చేయునది ఒక్క పని కాదు.

మరి సందేహములో పడిన మనుష్యుడు ఏమి చేయవలెను? ధర్మశాస్త్రము రెండు మార్గములు చూపినది. ఒకటి, తెలిసినవారితో ఆలోచన. రెండవది, ఇస్తిఖారా యను ప్రార్థన: రెండు రకాతుల నమాజు చేసి, తలపెట్టిన పని మేలైనచో సులభము చేయుమనియు, కీడైనచో దూరము చేయుమనియు వేడుకొనుట. ఇందు జవాబు వ్రాసిన చీటీ ఏదియు రాదు. నిర్ణయము మనుష్యునియొద్దనే యుండును. ఇరాను, ఇరాకు దేశముల షియాలలో జపమాల పూసలు లెక్కించియు, ఖురాను తెరచియు ఇస్తిఖారా చూచు వాడుక ఉన్నది. పలువురు సున్నీ విద్వాంసులు దీనిని ఒప్పుకొనరు.

ఆటముక్కలు జోస్యపు ముక్కలైన విధము

నేడు జోస్యమునకు పేరుపొందిన టారో ముక్కల చరిత్రలో ఒక విచిత్రము కలదు. 1931లో మేయరు అను పండితుడు ఇస్తాంబులులోని టోప్‌కాపీ రాజభవనమున ఈజిప్టు మమ్లూకుల కాలపు పేకముక్కలను గుర్తించెను. పానపాత్రలు, నాణెములు, ఖడ్గములు, పోలో కఱ్ఱలు అను నాలుగు రంగులు. రంగునకు పదమూడు చొప్పున మొత్తము 52. రాజు తరువాతి ముక్క పేరు నాయిబు, అనగా ప్రతినిధి. స్పెయినులో పేకముక్కలకు గల నైపే యను పేరు ఈ మాటనుండియే పుట్టినదని పండితులు తలచుచున్నారు. 1377 నాటికి ఈ ఆట ఇటలీ చేరెను. 15వ శతాబ్దమున అక్కడివారు దీనికి మరికొన్ని బొమ్మల ముక్కలు చేర్చి టారో ఆట కల్పించిరి.

అప్పటికి అది ఆట మాత్రమే. 1781లో పారిసు నగరమున కూర్ ద జెబ్లా అను రచయిత ఈ ముక్కలలో ప్రాచీన ఈజిప్టు పూజారుల రహస్యవిద్య దాగియున్నదని వ్రాసెను. ఈజిప్టు చిత్రలిపిని చదువగలవారు ఆనాడు లోకమున ఒక్కరును లేరు. షాంపోలియను దానిని ఛేదించినది 1822లో. అయినను ఆ మాట వ్యాపించెను. ముస్లిముల దేశమునుండి వినోదముగా వెడలిన ముక్క, యూరపులో జోస్యపు వేషము వేసికొని మరల ముస్లిముల దేశములకు వచ్చినది. నేటి విద్వాంసులు దీనికిని బాణముల న్యాయమునే వర్తింపజేయుచున్నారు: పేరు మారినను అడుగు ప్రశ్న మారలేదు.

అడుగువారెవరు?

శాస్త్రము వలదన్నను జనులు మానలేదు. ఇబ్ను ఖల్దూను 1377లో ముగించిన ‘ముఖద్దిమా’ గ్రంథములో, నగరపు వీథులలో అంగళ్ళు పెట్టుకొని ఇసుకగీతలతోను, గులకరాళ్ళతోను, అద్దములతోను, నీటితోను భవిష్యత్తు చెప్పువారిని వర్ణించెను. సంపాదన, పదవి, స్నేహము, శత్రుత్వములను గూర్చి అడుగుటకు స్త్రీలును, పిల్లలును, అల్పబుద్ధులును వారిచుట్టు మూగుదురని వ్రాసెను. కాని రాజులును ఆ గుంపులోనివారే. పాట్నాలోని ఖుదాబక్షు గ్రంథాలయమున నున్న హాఫిజు కావ్యపు ప్రతి అంచులలో హుమాయూను, జహంగీరు చక్రవర్తులు తాము చూచుకొన్న శకునములను గూర్చి స్వహస్తముతో వ్రాసికొనిరి. వీథిలోని పేదరాలికిని, సింహాసనమునందలి పాదుషాకును భయమొక్కటే: రేపేమగునో తెలియదు.

తుర్కీలో 1925 నవంబరులో చేసిన 677వ శాసనము ఫకీరు మఠములను మూయించుటతోపాటు జోస్యము చెప్పు వృత్తిని కూడ నిషేధించెను. అయినను అచ్చట కాఫీ త్రాగి గిన్నెను బోర్లించి, అడుగున మిగిలిన మడ్డి గీతలలో ఫలము చూచుట స్నేహితురాండ్ర కాలక్షేపముగా నిలిచియేయున్నది. జోస్యమును నమ్మవద్దు, జోస్యము లేకయు ఉండవద్దు అని వారి సామెత. నేడు ఆ గిన్నె చేతిఫోనులోనికి చేరినది.

ఆ సామెతలో నవ్వుతోపాటు ప్రమాదమును ఉన్నది. వినోదమునకు తీసిన చీటీ వినోదముగా ముగిసినచో నష్టమల్పము. కాని పెండ్లి నిశ్చయింపవలసిన తండ్రి, వైద్యునియొద్దకు పోవలసిన రోగి, చదువు మానవలెనా యని తల్లడిల్లు బాలిక చీటీని అడిగినప్పుడు, వారు ఆలోచింపవలసిన ఘడియను ఇతరుల చేతిలో పెట్టుచున్నారు. ఆ ఘడియలో వారికి కావలసినది ధైర్యము చెప్పు పెద్దమనిషి, తెలిసిన వైద్యుడు, మాట వినిపించుకొను ఉపాధ్యాయుడు. వీరు దొరకనిచోటనే చీటీలవాని పెట్టె నిండును. నిషేధమొక్కటే దానిని ఖాళీ చేయలేకపోయినదనుటకు పదునాలుగు వందల యేండ్ల చరిత్రయే సాక్షి.

షీరాజులో పక్షి చీటీని అందించిన వెంటనే యజమాని ముఖమువంక చూచును. యాత్రికుని పెండ్లి సంగతియు, పరీక్ష సంగతియు దానికి తెలియవు. దానికి తెలిసినది ఒక్కటే: చీటీ తీసినచో గింజ దొరకును.